తెల్ల డయల్ మీద కుంకుమ

పదవీ విరమణకు ఇంకొక ఏడాది ఉందనగా, దసరా ముందు వారంలో, నన్ను తోటపల్లి గూడూరు దగ్గర సముద్రపు ఒడ్డునున్న ఒక రొయ్యపిల్లల హేచరీకి ఇన్‌స్పెక్షన్‌కి పంపారు. అప్పటికి నేను చెన్నైలో ఒక విదేశీ గడియారాల కంపెనీ సర్వీస్ సెంటర్లో డయల్ విభాగం ఇన్‌చార్జిని. చూడాల్సినవి రెండు చేతి గడియారాలు. రెండూ మా కంపెనీవే, రెండిటివీ ఎనామెల్ డయళ్ళే. వాటిని పోల్చి, ఏది ఎలాంటి పనితనమో, ఇప్పుడు ఏ స్థితిలో ఉందో రాసి, సంతకం చేసి రావాలి. వినడానికి ఇంతే.

నా ఉద్యోగం గురించి ముందు కాస్త చెప్పాలి, ఎందుకంటే మా చుట్టాలకే అది ఇప్పటికీ అర్థం కాలేదు. మాది వాకాడు మండలంలో ఒక పల్లె. నాన్న మిషన్ బడిలో అయ్యవారు. సన్నటి పనికి ఆడపిల్లల వేళ్ళు బాగుంటాయని గడియారాల ఫ్యాక్టరీలో మమ్మల్ని వరసగా బల్లల ముందు కూర్చోబెట్టిన రోజుల్లో నేను పనిలో చేరాను. ఆ ఫ్యాక్టరీ మూతపడే నాటికి డయళ్ళు చూడడంలో నా కన్ను కుదిరింది. తర్వాత చెన్నై. మా సెంటర్లో టెక్నీషియన్, సీనియర్ టెక్నీషియన్, సెక్షన్ ఇన్‌చార్జి, ఆపైన సర్వీస్ మేనేజర్, ఇదీ మెట్ల వరస. గడియారం ఏ స్థితిలో ఉందో తేల్చి చెప్పే కండిషన్ రిపోర్ట్ మీద సంతకం ఇన్‌చార్జిదే. మేనేజరు కూడా అందులో అక్షరం దిద్దకూడదు. ఆ కుర్చీ నాకు నచ్చింది ఆ ఒక్క అధికారం వల్లే. ఊళ్ళో పెళ్ళిళ్ళకు వెళితే, మా గోడ గడియారం ఆగిపోయింది కాస్త చూడమ్మాయ్ అనేవాళ్ళు. ఆగిన గడియారం నా పని కాదు, దాని ముఖం నా పని అంటే నవ్వేవాళ్ళు. నవ్వనీ.

మామూలుగా గడియారాలే మా దగ్గరికి వస్తాయి, మేం వాటి దగ్గరికి పోము. ఒకే వస్తువు మీద ఇద్దరికి అనుమానం ఉండి, దాన్ని ఎవరి చేతికీ ఇచ్చి పంపడానికి ఒప్పుకోనప్పుడు మాత్రం మనిషిని పంపుతారు. బయల్దేరే ముందు మేనేజరు ఒకటే మాట చెప్పాడు. డయల్ చూడండి, రాయండి, వచ్చెయ్యండి, వాళ్ళింటి గొడవలో మాత్రం తలదూర్చకండి అని. గంగిరెద్దులా తలూపి కారెక్కాను.

హేచరీ యజమానులు అన్నాచెల్లెళ్ళు. అన్న రామిరెడ్డి ట్యాంకులు, సముద్రపు నీళ్ళు, అమ్మకం చూసుకుంటాడు. చెల్లెలు మాధవి ల్యాబ్ చూసుకుంటుంది. రొయ్యపిల్లల్లో రోగం ఉందో లేదో తేల్చేది ఆమె. ఆమె సరే అంటేనే సీడు గేటు దాటుతుంది. సీడు అంటే చెరువుల్లో వదిలే రొయ్యపిల్ల. పొలాలున్న కుటుంబం వాళ్ళది. తండ్రి వరి వదిలి ఈ పనిలోకి దిగి, ఆ ఇసుకలో ఇదంతా కట్టాడు. ఆయన పోయి ఏడాది దాటింది, తల్లి అంతకు ముందే పోయింది. ఆ పెద్దాయనకు పిచ్చి అంటూ ఏదైనా ఉంటే అది గడియారాల పిచ్చే, అవీ రెండే. ఒకటి పక్షుల బొమ్మ ఉన్నది, పెళ్ళిళ్ళకు పెట్టుకునేవాడు. రెండోది ఉత్త తెల్లది, రోజూ చేతికి ఉండేది.

మా వైపు పంపకాల్లో ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు భాగాలు వెయ్యాలి, చిన్నవాళ్ళు ముందు కోరుకోవాలి, మిగిలింది పెద్దవాడిది. అలాగైతే వేసేవాడు సమంగా వెయ్యక చస్తాడా అని పూర్వీకుల తెలివి. రామిరెడ్డి తండ్రి సొంత వస్తువులను రెండు భాగాలు వేసి, ఒక్కోదానిలో ఒక్కో గడియారం పెట్టాడు. మాధవి తెల్ల గడియారం ఉన్న భాగం కోరుకుంది. అంతవరకూ బాగానే ఉంది. కొన్నాళ్ళకు గాజు లోపల చెమ్మ కనిపించి, ఆమె దాన్ని పట్నంలో ఒక షాపులో చూపించింది. అక్కడి మనిషి గడియారం విప్పి, డయల్ అంచున ఏదో మొనతో గీకి చూసి, ఇది ఎనామెల్ కాదు మేడం, పెయింటు, అసలు డయల్ ఎవరో తీసేసుకున్నారు అని తేల్చేశాడు.

తండ్రి పోయినప్పటి నుంచి పంపకాల దాకా ఆ గడియారం ఉన్నది రామిరెడ్డి బీరువాలో. ఇంక చెప్పేదేముంది? మార్చినవాణ్ణయితే చెల్లెల్ని ముందు కోరుకోమంటానా అని అతని వాదన. తండ్రి రోజూ పెట్టుకున్నదే ఆమె కోరుకుంటుందని అతనికి తెలియదా అని చుట్టాల వాదన. మాధవి మాత్రం అన్నను ఒక్క మాట అడగలేదు. మాట్లాడడమే మానేసింది. నేను వెళ్ళేనాటికి ల్యాబ్ ఫలితాలు అన్నకు ఫోన్లో మెసేజీలుగా పోతున్నాయి; ఇద్దరి గదుల మధ్యా ఉన్నది ఒక వరండా. గడియారం సంగతి తేలకపోతే హేచరీని కూడా రెండు ముక్కలు చేసుకుంటారని నన్ను తీసుకొచ్చిన డ్రైవరే దారిలో చెప్పాడు. అంటే నేను రాయబోయే రిపోర్టులో తేలాల్సింది డయల్ సంగతి ఒక్కటే కాదు, రామిరెడ్డి చెల్లెల్ని మోసం చేశాడా లేదా అన్నది. తలదూర్చకండి అన్న మేనేజరును కారులోనే తలుచుకున్నాను.

ఎనామెల్ అనగానే చాలామంది కిటికీలకు వేసే పెయింటు అనుకుంటారు. గడియారాల్లో ఎనామెల్ అంటే గాజు. గాజును పిండిలా నూరి, రాగి బిళ్ళ మీద సన్నగా జల్లి, ఎర్రగా కాగిన కొలిమిలో పెడితే కరిగి బిళ్ళకు అతుక్కుంటుంది. తీసి, చల్లార్చి, మళ్ళీ జల్లి, మళ్ళీ కాలుస్తారు. వెనకవైపు కూడా గాజు కాల్చాలి, లేకపోతే బిళ్ళ వేయించిన అప్పడంలా వంకరపోతుంది. కొలిమిలో పెట్టిన ప్రతిసారీ ఒక బుడగో, నలుసో, పగులో రావచ్చు. వస్తే అంతవరకూ చేసిన పనంతా చెత్తబుట్టలోకే. ఇంత కష్టం లేకుండా రెసిన్ అనే జిగురు పూసి గట్టిపరిచే చవక దారి కూడా ఉంది. చేసిన కొత్తలో కంటికి తేడా తెలియదు. కొన్నేళ్ళకు రెసిన్ పసుపెక్కుతుంది, చెమ్మ పీలుస్తుంది. గాజు మాత్రం చేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది.

గడియారాలు విప్పడానికి దుమ్ము లేని గది కావాలి. ఆ ఇసుక దిబ్బల మధ్య అలాంటి గది ఎక్కడ దొరుకుతుందా అనుకుంటూ వెళ్ళాను. మాధవి ల్యాబ్ చూశాక నా చెన్నై గది మీదే నాకు చిన్నచూపు కలిగింది. చల్లగా, శుభ్రంగా ఉంది, రొయ్యపిల్లలను చూసే మైక్రోస్కోపు మా దానికంటే మంచిది. పని మొదలుపెట్టే ముందు ఇద్దరి చేతా ఒప్పుకోలు సంతకాలు తీసుకున్నాను. పని ముగిసేదాకా అన్నాచెల్లెళ్ళిద్దరూ గడప దాటి లోపలికి రాకూడదు, నేను బయటికి పోయినప్పుడు తాళంచెవి ఇద్దరికీ నమ్మకమైన మూడో మనిషి దగ్గర ఉండాలి. ఆ మూడో మనిషి ఎవరన్న దగ్గర మాత్రం ఇద్దరూ ఒకేసారి ఒకే పేరు చెప్పారు. రమణమ్మగారు, వాళ్ళ మేనత్త, తండ్రికి అక్క. చిట్టమూరులో కాపురం. దసరాకని భర్తతో పుట్టింటికి వచ్చింది. తాళంచెవి తీసుకుని కొంగుకు ముడేసుకుని, తాళం దేనికో, ఎందుకో ఒక్క ప్రశ్న వెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ముందు బొమ్మ గడియారం విప్పాను. డయల్ తియ్యాలంటే వెనక మూత తీసి, యంత్రాన్ని బయటికి తెచ్చి, ముళ్ళు ఎత్తి, డయల్ కాళ్ళను పట్టి ఉంచే మరలు వదులు చెయ్యాలి. డయల్‌కి వెనక రెండు సన్నటి రాగి కాళ్ళుంటాయి, వాటి మీదే అది నిలబడుతుంది. డయల్ తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, కాసేపు రిపోర్టు సంగతి మరిచిపోయాను.

లేత నీలం నీళ్ళలో రెండు గులాబీ పక్షులు. ఇంట్లోవాళ్ళు వాటిని పులికాట్ పక్షులే అంటారు. వేసినవాడు పులికాట్ పేరైనా విని ఉండడు. రెల్లు పోచలకు అంచుగా బంగారు తీగ నిలబెట్టి, ఆ తీగల మధ్య రంగు గాజు నింపి కాల్చారు. అదెలా చేస్తారని గడప అవతల నుంచి మాధవి అడిగితే చెప్పాను, మీ చెరువులకు గట్లు వేసినట్టే, తీగ గట్టు, గాజు నీళ్ళు అని. అయితే గట్టు తెగితే నీళ్ళు కలిసిపోతాయా మేడం అంది. కలిసిపోతాయి, రంగులు పాడవుతాయి, పారేస్తారు అన్నాను. పక్షుల రెక్కలకు మాత్రం తీగ లేదు. అవి కుంచెతో వేసినవి. కుంచెకు ఉన్నవి రెండు మూడు వెంట్రుకలు, అంతకు మించి ఉండవు. ఆ గులాబీ రంగు బంగారం నుంచి తీస్తారు. కొంచెం ఎక్కువ కాలితే నల్లబడుతుంది, తక్కువ కాలితే మెరుపు రాదు. ఎక్కువ వేడి ఓర్చుకునే రంగులు ముందు కాల్చి, సుకుమారమైన గులాబీని చివరికి కాలుస్తారు. ఒక ఈక మీద వెలుగు పడే చోటు చూశాను. మైక్రోస్కోపులో కూడా అది ఈకే, రంగు చుక్క కాదు. ఎన్నో డయళ్ళు చూసిన కన్ను నాది, అయినా ఆ చేతికి దండం పెట్టాలనిపించింది.

తర్వాత తెల్లది. నిజం చెప్పాలంటే నాకు తెల్ల డయళ్ళంటేనే ప్రేమ. బొమ్మ డయల్లో చిన్న నలుసు పడితే దాన్ని రెల్లు పువ్వు చేసెయ్యొచ్చు, బుడగ వస్తే దాని మీద ఒక రెక్క వెయ్యొచ్చు. ఉత్త తెల్లదాని మీద దాక్కోవడానికి చోటు లేదు. పాలు కాచినట్టుండే ఆ తెలుపు అంతటా ఒకేలా రావాలంటే కొలిమి దగ్గర నిలబడ్డ మనిషి ఊపిరి కూడా చూసుకుని వదలాలి. కానీ ఇక్కడ నేను మెచ్చుకోవడానికి రాలేదు, తేల్చడానికి వచ్చాను. తిప్పి చూస్తే వెనకవైపు కాల్చిన గాజే, అనుమానం లేదు. అంటే బిళ్ళ అసలుదే. చిక్కు ముందువైపు వచ్చింది. ఒకప్పుడు చెడిపోయిన ఎనామెల్ ముఖం మీద తెల్ల రెసిన్ పూత పూసి, నున్నగా సానపట్టి కొత్తదిగా చూపించేవాళ్ళున్నారు. షాపు మనిషి గీకిన చోట నిజంగానే రెసిన్ ఉంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఎంత చూసినా అంచు దొరకలేదు. చేసినవాడు అంత నేర్పరి. ముఖమంతా పూతా, లేక ఒక్కచోటేనా?

స్పిరిట్‌తో తుడిస్తే తెలిసిపోతుంది. కానీ ఖాతాదారు ఇంట్లో డయల్ ముఖానికి ఏ ద్రవమూ తగలకూడదని మా నియమం. అది చెయ్యాలంటే గడియారం మా పెద్ద వర్క్‌షాపుకు విదేశం పోవాలి, ఎన్నాళ్ళకు వస్తుందో చెప్పలేం. నా మనసు గాజే అంటోంది. మనసు చెప్పినదాన్ని రిపోర్టులో రాయకూడదు. అదే మాట గడప దగ్గర నిలబడ్డ ఇద్దరికీ చెప్పాను. రామిరెడ్డి తలవంచుకున్నాడు. "అందాకా నేను దొంగనేగా మేడం" అన్నాడు, కోపంగా కాదు, మామూలుగా. మాధవి అటు తిరిగి ట్యాంకుల వైపు చూస్తూ నిలబడింది. ఆ అమ్మాయికి కావలసింది డయల్ కాదని నాకు అప్పుడు అర్థమైంది. అన్న తప్పు చెయ్యలేదని ఎవరైనా చెబితే చాలు, నమ్మడానికి సిద్ధంగా ఉంది. చెప్పలేకపోతున్నది నేను.

అన్నం వేళ అయింది. యంత్రాలను నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. డయళ్ళను మళ్ళీ చూడాల్సి ఉంది కాబట్టి, బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, ఒక్కోదాని మీద ల్యాబ్‌లోని గాజు గిన్నె ఒక్కోటి బోర్లించాను. తలుపు వేసి, రమణమ్మగారి చేత తాళం వేయించాను. ఆమె వడ్డించమని వేరేవాళ్ళకు పురమాయించి ఎక్కడికో వెళ్ళింది. చేపల పులుసు బ్రహ్మాండంగా ఉంది, నేను ఆమెను పట్టించుకోలేదు.

చెయ్యి కడుక్కుంటుంటే రమణమ్మగారు పసుపు కుంకుమల పళ్ళెంతో వరండాలో ఎదురొచ్చింది. చెన్నైలో మా సెంటర్లో కూడా ఏటా ఆయుధ పూజ జరుగుతుంది. మిషన్లకూ పనిముట్లకూ గంధం, కుంకుమ పెడతారు. నేను క్రైస్తవురాలిని, పూజలో కూర్చోను, కానీ ముందురోజే డయళ్ళన్నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యడం నా బాధ్యత. ఇక్కడ పూజ ఇంకా రెండు రోజులుంది కదా అనుకున్నాను.

"మీరు తినేలోపల ల్యాబ్‌లో బొట్లు పెట్టేసినానమ్మా. రేపట్నించి సీడు ప్యాకింగంట, ఎవురికీ తీరదు. మీ సామానుకి గూడా పెట్టినాలే, మీదెందుకు తప్పాల" అంది.

నేను అడిగేలోపలే మాధవి అడిగింది. "అత్తా, బల్ల మీద గాజు గిన్నెలు గానీ ఎత్తినావా?"

"ఎత్తకుండా బొట్టెట్టా పెట్టేది మే?"

ప్రభువా అనుకుంటూ లోపలికి పరిగెత్తాను. మైక్రోస్కోపుకు బొట్టు, ఫ్రిజ్‌కు బొట్టు, నా పెట్టెకు బొట్టు. బల్ల మీద రెండు డయళ్ళూ తడి గంధం పూసుకుని, నడినెత్తిన కుంకుమ పెట్టుకుని పెళ్ళికూతుళ్ళలా కూర్చుని ఉన్నాయి. ఆ గంధం నీళ్ళకు కుంకుమ కరిగి తెల్లదాని మీద ఎర్రగా పారింది. బజారు కుంకుమలో రంగు ఎంత మొండిదో చీర మీద పడినప్పుడు ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది.

ద్రవం తగలకూడదన్న నియమం అప్పటికే గంధంలో మునిగిపోయింది కాబట్టి, ఇంక ఆలోచించలేదు. ల్యాబ్‌లో స్వేదన జలం ఉంది. ముందు బొమ్మదాన్ని పట్టుకుని, అంచు నుంచి నీళ్ళు జారవిడుస్తూ మెత్తటి కుంచెతో కడిగాను. పక్షులు స్నానం చేసి లేచినట్టు తేటగా బయటపడ్డాయి. దాని మీద చివరి పొర పారదర్శకమైన గాజు, అందుకే ఏమీ అంటలేదు. తర్వాత తెల్లదాన్ని తీసుకున్నాను. రామిరెడ్డి గడప బయటే నిలబడి, "పోతందా మేడం" అన్నాడు. ఎర్ర నీళ్ళు ముఖమంతా పారాయి, ప్రతి అంకె మీదుగా పోయాయి. మళ్ళీ కడిగాను, మళ్ళీ కడిగాను. గులాబీ రంగు నీళ్ళు క్రమంగా తెల్లబడ్డాయి.

ముఖం మొత్తం పాలలా తెల్లగా వచ్చింది. ఒక్కచోట తప్ప. షాపు మనిషి గీకిన అంచు నుంచి నడిమి రంధ్రం దాకా వెంట్రుకంత సన్నటి ఎర్ర గీత ఒకటి మిగిలింది. ఎంత కడిగినా పోలేదు.

దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాను. గంట క్రితం నాకు దొరకని అంచు ఇప్పుడు ఎర్రగా గీసి చూపించినట్టుంది. గీతకు ఇటు గాజు, అటు గాజు, నడుమ సన్నటి పగుల్లో కూరిన పాత రెసిన్. ముఖమంతా పూతే అయి ఉంటే కుంకుమ అంతటా పట్టేది, డయల్ గులాబీ రంగులోకి పోయేది. పట్టింది పగులుకు మాత్రమే. ఇంకొక విషయం కూడా అందులోనే ఉంది. కొత్త రెసిన్ అంత సులభంగా రంగు తాగదు. ఇది ఏళ్ళ తరబడి చెమ్మ పీల్చి, బీటలువారిన రెసిన్. తండ్రి పోయాక ఎవరో చేయించిన పని కానే కాదు. నియమం ప్రకారం నేను చెయ్యకూడని పరీక్షను రమణమ్మగారు గంధపు గిన్నెతో చేసేసింది.

ఇద్దర్నీ లోపలికి పిలిచి, ఒకరి తర్వాత ఒకరిని మైక్రోస్కోపులో చూడమన్నాను. గీత చూపించాను. ఇది కాల్చిన ఎనామెల్, అసలు డయలే, ఎప్పుడో పగిలితే ఎవరో చాలా నేర్పుగా పూడ్చారు అని చెప్పాను. ఎప్పుడు పగిలిందని మాధవి అడిగింది. అది డయల్ చెప్పదు అన్నాను.

వెనకాల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ రమణమ్మగారు కూడా వంగి చూసింది. "ఈ గీత మీ నాయన చేసినదే గదా. యంత్రంలో ఇప్పుడు పెద్దదిగా కనపడతా ఉంది" అంది.

అందరం ఆమె వైపు తిరిగాం. హేచరీ కట్టే రోజుల్లో సముద్రపు నీళ్ళ మోటారు బిగిస్తుంటే ఆయన చెయ్యి జారి ఇనప పైపుకు కొట్టుకుందట. చెయ్యి వాచింది, గడియారం గాజు చెక్కుచెదరలేదు, లోపల ముఖం మాత్రం బీటవేసింది. మద్రాసులో కంపెనీవాళ్ళకు చూపిస్తే కొత్త ముఖం వేస్తాం, పాతది మాకు వదిలెయ్యాలి అన్నారట. అది నిజమే, మా పద్ధతి ఇప్పటికీ అంతే. ఆయన ఒప్పుకోలేదు. "అంత పనితనం ఉండేదాన్ని బీటేసిందని పారేస్తారంట అక్కా, నేనియ్యను అని తిరిగొచ్చేసినాడు. ఆనాక యాడనో ఎవురి చేతనో పూడ్పిచ్చుకున్నాడు" అంది.

మాకెందుకు చెప్పలేదత్తా అన్నాడు రామిరెడ్డి.

"నన్నడిగిందెవురురా? ఇద్దురూ మూతులు ముడుచుకోని తిరగతా ఉంటే ట్యాంకుల కాడ ఏందో అనుకున్నా. దీనికోసమా? చెన్నై నించి ఆయమ్మని పిలిపించేకి నోరొచ్చింది గానీ, అత్తనడిగేకి రాలా."

పెద్దావిడ పళ్ళెం తీసుకుని, మిగిలిపోయిన తలుపుకు కూడా బొట్టు పెట్టి వెళ్ళిపోయింది. మాధవి కాసేపు తన బల్ల మీద వస్తువులు అటూ ఇటూ సర్దింది. తర్వాత అన్న ముఖం చూడకుండానే, "అన్నా, మూడో ట్యాంకు పిల్ల బాగుంది. రేపు ముందు అదే ప్యాక్ చేసుకో" అంది.

"సరే పాపా" అన్నాడు రామిరెడ్డి. అక్కడ అతనికి పనేమీ లేకపోయినా మూడో ట్యాంకు చూసొస్తానని వెళ్ళాడు, చాలాసేపు రాలేదు. నాకూ కళ్ళు చెమర్చాయి. ముళ్ళు బిగించాలి కాబట్టి తుడుచుకున్నాను.

రిపోర్టు అక్కడే కూర్చుని రాశాను. మొదటిది తీగల మధ్య నింపి, కుంచెతో చిత్రించి కాల్చిన ఎనామెల్, లోపం లేదు. రెండోది తెల్ల కాల్చిన ఎనామెల్, అసలు డయల్, ఒక పాత పగులు, పూడిక పాతది. పూడిక రంగు తాగిన సంగతీ, ఎలా తాగిందీ కూడా రాశాను. చెన్నైలో మేనేజరు ఆ వాక్యం రెండుసార్లు చదివి, నా వైపు చూసి, ఇది తప్పదా అన్నాడు. తప్పదన్నాను. దిద్దే అధికారం ఆయనకు లేదని ముందే చెప్పాను కదా.

బయల్దేరేటప్పుడు రామిరెడ్డి అందరూ అడిగేదే అడిగాడు, రెండిట్లో ఏది గొప్ప అని. బొమ్మదాంట్లో చేతి గొప్పతనం, తెల్లదాంట్లో నిప్పును అదుపులో పెట్టిన గొప్పతనం అన్నాను. అది తప్పించుకునే జవాబని అతనికి తెలిసిపోయింది. మీరైతే ఏది కోరుకుంటారు అన్నాడు. తెల్లదే అని ఒప్పుకున్నాను. అతను చెల్లెలి వైపు చూసి, "చూసినావా, భాగం సరిగ్గా వేయలేదు నేను" అన్నాడు. ఆమె చాలా కాలానికి నవ్విందని డ్రైవరు తర్వాత చెప్పాడు. ఆ ఎర్ర గీతను తీసి కొత్తగా పూడ్చగలమని, కావాలంటే డయలే మార్చగలమని చెప్పడం నా విధి, చెప్పాను. ఏదీ వద్దంది. ఆమె ఆ గడియారం పెట్టుకునే ల్యాబ్‌లో పనిచేస్తోందని, గీత అలాగే ఉందని విన్నాను.

ఈ ఇన్‌స్పెక్షన్ వల్ల నేను నేర్చుకున్నది చిన్న విషయం. డయల్ ఎలా తయారైందో నేను చెప్పగలను, దానికి ఏం జరిగిందో నాకంటే ముందు చెప్పగలిగినవాళ్ళు ఆ ఇంట్లోనే ఉంటారు. ఆ మిగిలిన ఏడాదీ నా ముందుకు ఏ గడియారం వచ్చినా, మైక్రోస్కోపు తియ్యకముందే, దీన్ని మొదట పెట్టుకున్న మనిషిని ఎరిగిన పెద్దవాళ్ళు ఇంట్లో ఎవరున్నారని అడిగేదాన్ని. వాళ్ళతో ఫోన్లో మాట్లాడాక చాలా గడియారాలు విప్పాల్సిన అవసరమే రాలేదు.